మేనమామ ఫోటో వెనకాల

పందిరి రాటకు కట్టిన ఫ్లెక్సీని దింపమని రెండుసార్లు చెప్పినా ఎవరూ కదలకపోయేసరికి, లక్ష్మణమ్మ తనే ముక్కాలిపీట లాక్కుని ఎక్కింది. అరవై దాటిన మనిషి. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడిందే గానీ కాళ్లలో పట్టు తగ్గింది. అల్లుడు ఎర్రన్న పరుగున వచ్చి పీట పట్టుకున్నాడు గానీ ఫ్లెక్సీ తాడు మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అది అత్తాకోడళ్ల వ్యవహారం. అందులో తల దూర్చినవాడికి ఆ పూట అన్నం ముద్ద దిగదని అతనికి పెళ్లయిన కొత్తల్లోనే తెలిసొచ్చింది.

తాడు ఊడింది. ఫ్లెక్సీ ఒక పక్క జారి, పట్టులంగాలో నవ్వుతున్న పద్మకుమారి సగానికి మడత పడింది. పై మూలనున్న నాగబాబు మాత్రం మడత పడకుండా అందరికేసీ చూస్తూనే ఉన్నాడు.

"నా కొడుకు బతికున్నాడే," అంది లక్ష్మణమ్మ పీట మీద నుంచే. "బతికున్నోడ్ని మబ్బుల్లోకి ఎక్కించీసినావు."

కోడలు దుర్గ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఫ్లెక్సీ చేసింది తనే. మూడు సాయంత్రాలు కూర్చుని, కళ్లు లాగుతున్నా లేవకుండా చేసింది. భర్త ముఖం చుట్టూ అంచులు మెత్తగా కరిగిపోయి తెల్లటి మబ్బులో కలిసిపోతుంటే, ఎంత అందంగా వచ్చిందో అనుకుని తనలో తనే మురిసిపోయింది కూడా. ఆ అందం ఎక్కడిదో రాట మీదకు ఎక్కేదాకా ఆమెకు గుర్తు రాలేదు.

ఎల్లుండి పద్మకుమారి పేరంటం. లక్ష్మణమ్మకు ఆ ఒక్కతే మనవరాలు, కూతురు చిన్నతల్లి బిడ్డ. పెద్దమనిషైన పిల్లకు మేనమామ చీర పెట్టాలి, మేనమామ చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాలి. ఆ మేనమామ నాగబాబు గుజరాత్‌లో, వెరావల్ రేవులో బోటు మీద ఉన్నాడు. రావడానికి కుదరదన్నాడు. మనిషి లేకపోతే మనిషి ఫోటో అయినా అందరికంటే పెద్దగా ఉండాలని చిన్నతల్లి పట్టుబట్టింది. ఇంట్లోనే ఫోటోషాప్ తెలిసిన మరదలుండగా ఇంకొకరి దగ్గరకెందుకని పని దుర్గ చేతిలో పెట్టింది. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న మాట అందరికీ ఈ ఉదయమే గుర్తొచ్చింది.

నిజానికి ముందుగా చూసింది లక్ష్మణమ్మ కాదు, లక్ష్ముడి తల్లి. ఆవిడ పొద్దున్న కుళాయి దగ్గరకొచ్చి, తలెత్తి ఫ్లెక్సీ చూసి, నిండిన బిందె అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోయింది. బిందె ఎవరిదా అని చూడబోయి లక్ష్మణమ్మ తలెత్తింది.

లక్ష్ముడూ నాగబాబూ ఒక ఈడువాళ్లు. ఒకే బోటు మీద వెరావల్ వెళ్లారు. నిరుడు అలకు కొట్టుకుపోయి లక్ష్ముడు తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఊరి మొదట్లో కట్టిన అతని శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేసిందీ దుర్గే. గంగమ్మ సంబరంలో స్నేహితులిద్దరూ భుజాల మీద చేతులేసుకుని దిగిన ఫోటో ఒకటుంది. అందులోంచి లక్ష్ముణ్ణి కత్తిరించి మబ్బుల్లో పెట్టింది. ఇప్పుడు నాగబాబుది కావలసివస్తే, అదే ఫోటోలో మిగిలిన సగం తీసింది. అతని భుజం మీదున్న లక్ష్ముడి చెయ్యి ఎంతకీ పోకపోతే అంచులు పలచబరిచి, అవే మబ్బులతో కప్పింది. అప్పుడు అవసరం కొద్దీ చేసిన పని, ఇప్పుడు అలవాటు కొద్దీ చేసింది. పాలెం మొత్తానికి మాత్రం లక్ష్ముడి పక్కన ఖాళీగా ఉన్న చోటు నిండినట్టు కనపడింది.

"మరదలా, ఆడిది ఇంకో ఫోటో దొరకలేదేటి నీకు?" అంది చిన్నతల్లి. కోప్పడలేదు. అలా మెల్లగా అడగడమే దుర్గకు ఎక్కువ గుచ్చుకుంది.

"నేదు వదినా."

"కట్టుకున్నదానివి. నీ కాడ నేకపోతే ఇంకెవులి కాడ ఉంటాది?"

ఎర్రన్న ఫ్లెక్సీని చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం వడ్డించుకున్న చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. లక్ష్మణమ్మ కోపం వస్తే అరుస్తుంది, అరిచిన కోపం పొద్దుగూకేలోపు దిగిపోతుంది. అరవకపోతేనే భయం. చారు గిన్నె కోడలి వైపు జరిపింది గానీ తల ఎత్తలేదు. తిన్న కంచం తనే కడుక్కుని, అరుగు మీదకెళ్లి సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

దుర్గ లోపలి గదిలోకి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. పెళ్లికి ముందు కోటబొమ్మాళిలో కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో కొన్నది. రెండు మీటలు ఊడిపోయాయి, మూత విరగకుండా చేపల వల దారంతో కట్టింది. ఈ పాలెంలో సగం మంది మగాళ్లు వెరావల్లోనో పారాదీప్‌లోనో ఉంటారు. ఎక్కడో ఉన్న మొగుణ్ణి తెచ్చి పెళ్లాం పక్కన నిలబెట్టి, మధ్యలో పిల్లల్ని పెట్టి, కింద గులాబీలు చల్లడంలో దుర్గది అందె వేసిన చెయ్యి. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ ఆమె కలిపిన సంసారాలు ఈ వీధిలో ప్రతి గోడ మీదా ఉన్నాయి.

తనది మాత్రం కలవలేదు. ఒకసారి ప్రయత్నించింది. నాగబాబు ముఖం మీద వెలుగు ఎడమ వైపు నుంచి పడుతోంది, తన ముఖం మీద కుడి వైపు నుంచి. ఎంత దగ్గరగా జరిపినా ఇద్దరూ ఒకరినొకరు ఎరగని మనుషుల్లాగే ఉన్నారు. ఆ ఫైలు దాచుకోకుండానే మూసేసింది. ఆ రోజు ఆమె ఏడ్చింది, ఎందుకేడుస్తున్నదో అడిగేవాళ్లు లేక తొందరగానే ఊరుకుంది.

కోటబొమ్మాళిలో ఫ్లెక్సీ షాపు జయకృష్ణకు ఫోను చేసింది. అతను కొట్టు మీద కూర్చుని బేరమాడుతూనే విన్నాడు. అంచులు అంతలా పలచబరిస్తే పోయినవాళ్ల ఫోటోలాగే ఉంటుందని, బతికున్న మనిషికి అంచు గట్టిగా ఉండాలని, వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసి నీడ కూడా అటే వెయ్యాలని చెప్పాడు. ఏమైనా ముందు ఫోటో మంచిది కావాలన్నాడు. పాత ఫోటోని ఎంత తోమినా కొత్తది కాదు.

"ఇంకో మాటమ్మా," అన్నాడు పెట్టేసే ముందు. "వెనకాలది రబ్బరుతో సెరిపీకండి. సెరిపితే పోయినట్టే. మీద ఇంకోటి కప్పండి. కప్పితే ఎప్పుడైనా తియ్యొచ్చు. రేపు సాయంత్రం లోపు పంపితే రాత్రికి రాత్రి వేసి ఇచ్చేస్తాను."

రేపు సాయంత్రం లోపు. అప్పటికి నాగబాబును మబ్బుల్లోంచి దింపకపోతే, ఎల్లుండి పేరంటానికి వచ్చిన ప్రతి ఆడదీ ఆ ఖాళీ రాటకేసి చూసి తనకేసి చూస్తుంది. లక్ష్మణమ్మ అయితే పందిట్లోకే రానని చిన్నతల్లితో చెప్పేసింది.

నాగబాబు మొదటి రింగుకే ఫోను ఎత్తాడు. ఎప్పుడూ అంతే. బోటు ఎక్కితే పదేసి రోజులు ఫోన్లు అందవని తక్కిన ఆడవాళ్లు వాపోతుంటే, నాగబాబు వారానికి రెండుసార్లయినా మాట్లాడేవాడు. తన మీదున్న ఇష్టం కొద్దీ ఎలాగో సిగ్నలు పట్టుకుంటున్నాడనుకుని దుర్గ లోలోపల పొంగిపోయేది. కుళాయి దగ్గర ఆ మాట అననిదే ఆమెకు బిందె నిండేది కాదు.

జరిగిందంతా చెప్పింది. అంతా అయ్యాక అడిగాడు.

"ఆడి సెయ్యి తీసీసినావా?"

"ఎవులి సెయ్యి?"

"లక్ష్ముడిది. నా బుజం మీద ఉండేది గదా."

"తీసీసినాను మావా. కనపడకుండా కప్పీసినాను."

లైను కట్టయిందేమోనని దుర్గ ఫోను తీసి చూసుకుంది. కట్టవలేదు.

"ఒక మంచి ఫోటో దిగి పంపు," అంది. "ఇప్పుడు ఎలాగున్నావో అలాగే. మొకం నిండుగా కనపడాల."

"ఇక్కడ ఏటీ బాగోదే. ఎనకాతల బాగోదు."

"ఎనకాతలది నాను తీసీగలను. నీ మొకం ఉంటే సాలు."

"మొత్తం తీసీగలవా?"

"మొత్తం," అంది దుర్గ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు కాస్త గర్వంగానే ఉంది.

ఫోటో పొద్దువాలే వేళకు వచ్చింది. అప్పటికి కరెంటు పోయి, లాప్‌టాప్ చార్జింగు అయిపోయి ఉంది. చేతిలో ఫోను మీదే చూసింది. నాగబాబు చిక్కాడు. మీసం సన్నగా కత్తిరించాడు. నవ్వమంటే నవ్వినట్టు నవ్వాడు. వేలితో ముఖం పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, కనుబొమ దగ్గర కొత్త మచ్చ ఎక్కడిదా అని చూసింది. ఎన్నాళ్లకో చూసిన ముఖం. ఆ పూట ఆమెకు ముఖమే కనపడింది, ఇంకేమీ కనపడలేదు.

మర్నాడు పొద్దున్న అన్నం వార్చేసి పనికి కూర్చుంది. అత్త అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. నిన్నటి నుంచి ఇద్దరి మధ్యా నాలుగు మాటలు నడిస్తే ఎక్కువ.

మనిషిని కత్తిరించడం మొదలుపెడితే భుజం దగ్గర మొదలుపెట్టడం దుర్గకు అలవాటు. భుజం మీంచి మెడకి, మెడ మీంచి చెవికి, చెవి దగ్గర బాగా పెద్దది చేసుకుని చుక్క చుక్కగా వెళ్లాలి. ఎక్కడ మనిషి అయిపోయి ఎక్కడ వెనకాలది మొదలవుతుందో తెలియాలి. వెనకాలది తీసేసేవాళ్లు దాన్ని పట్టించుకోరని అందరూ అనుకుంటారు. తీసేసేవాళ్లే దాన్ని అందరికంటే దగ్గరగా చూస్తారు.

భుజం పక్కన నీలం రంగు చెక్క ఉంది. బోటు చెక్క అనుకుంది. చెక్క అంచున గొలుసూ, గొలుసు చివర కొక్కెమూ ఉన్నాయి. లంగరు గొలుసు కాబోలనుకుంది. చెవి దాకా వచ్చేసరికి ఎర్రటి లైటొకటి అడ్డొచ్చింది. లైటు కింద పసుపురంగు పలక, పలక మీద నంబరు.

ఏపీ 35.

దుర్గ చెయ్యి ఆగింది. ముప్ఫయి తమ జిల్లా నంబరు. ముప్ఫయ్యైదు విజయనగరం వాళ్లది. ఇక్కడి లారీలు రొయ్యల లోడుతో ఎక్కడెక్కడికో వెళతాయి, వెరావల్ కూడా వెళ్లి ఉండొచ్చు. రేవులో లారీ కనపడితే పక్కన నిలబడి ఫోటో దిగాడేమో. సొంత ఊరి బండిని చూస్తే ఎవరికి మాత్రం ముచ్చట వెయ్యదు. అలా తనకు తనే నచ్చజెప్పుకుని ఫోటోని అటు పక్కకు జరిపింది.

అటు పక్కన ఇంకో లారీ ఉంది. దాని వెనక ఇంకోటి. లారీల మీదుగా కొండలు కనపడుతున్నాయి, పచ్చగా, ఒకదాని వెనక ఒకటి. రెండు లారీల సందున పంక్చరు షాపొకటి. మసగ్గా ఉన్న బోర్డును కొంచెం పదును చేసింది. తెలుగు అక్షరాలు. షాపు పేరు సగమే కనపడింది గానీ కింద ఊరి పేరు నిండుగా ఉంది. సాలూరు.

సాలూరంటే లారీలని ఈ చుట్టుపక్కల చిన్నపిల్లలకైనా తెలుసు. పొద్దున్న అక్కడ బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు.

దుర్గ కుర్చీలో వెనక్కి వాలింది. ఫోనులో ఎప్పుడూ గాలి హోరు వినపడకపోవడం, మొదటి రింగుకే ఎత్తడం, వారానికి రెండుసార్లు మాట్లాడడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. కుళాయి దగ్గర తను చెప్పుకున్న గొప్పలు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలాయి. సిగ్గు తరవాత కోపం వచ్చింది. కోపం కూడా పోయాక ఏం మిగిలిందంటే, ఇన్నాళ్లూ ఆయన దూరంగా ఉండబట్టి తను ఒంటరిదాన్ననుకుంది. దగ్గర్లోనే ఉన్నాడు. దగ్గర్లో ఉండి రాలేదు.

అరుగు మీద లక్ష్మణమ్మ కాకిని అదిలించింది. దుర్గ ఉలిక్కిపడి, తెర మీదున్న బొమ్మను గబుక్కున చిన్నది చేసింది.

ఎత్తుకున్న పని ఆపే వీలు లేదు. సాయంత్రానికి ఫైలు పంపాలి. మళ్లీ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఈసారి తొందరపడకుండా, చెవి చుట్టూ, జుట్టు చుట్టూ, గట్టి అంచుతో మనిషిని విడదీసింది. వెనకాల ఏం పెట్టాలన్నది ఆలోచించక్కర్లేదు. తను కిందటి కార్తీకంలో ఒడ్డున నిలబడి తీసిన సముద్రం ఫోటో ఉంది. దాన్ని తెచ్చి కప్పింది. నాగబాబు మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది గనక సముద్రాన్ని అటు తిప్పింది. కొండల పచ్చదనం అతని చెంప మీద పడి కొంచెం ఆకుపచ్చగా ఉంటే, ఆ రంగు తగ్గించి నీలం కలిపింది. లారీలు పోయాయి, కొండలు పోయాయి, సాలూరు పోయింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడికి సముద్రాన్ని తెచ్చి అతికించవలసివచ్చింది.

బాగా వచ్చింది. ఆమె చేసినవాటిలోకెల్లా బాగా వచ్చింది. అతికించినట్టు ఎక్కడా కనపడలేదు. అది చూసి దుర్గకు భయం వేసింది.

ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఫోటో బాగా వచ్చినాది మావా," అంది.

"అలాగేటి."

"ఎనకాతల లారీలు తీసీసినాను. సముద్రం ఎట్టినాను."

ఆమె ఎదురుచూసింది. ఈసారి వెనక నుంచి హారను వినపడింది, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలిచారు. ఇన్నాళ్లూ తను వినలేదా, ఇవాళే అతను చెయ్యి అడ్డం పెట్టలేదా, దుర్గకు తెలియలేదు.

"అంత పెద్దది సేసి సూస్తావనుకోనేదు," అన్నాడు చివరికి. "కాదులే. సూస్తావనే పంపినానేమో. నాకే తెలవట్లేదు."

ఎన్నాళ్లయిందని అడిగింది. లక్ష్ముడు పోయిన నెలకే వచ్చేశానన్నాడు. లారీ మీద క్లీనరుగా చేస్తున్నానన్నాడు. ఆ మాటలు గబగబా చెప్పేశాడు.

"ఆడి సెయ్యి నా సేతిలోనే ఉన్నాదే. జారిపోనాది. అప్పట్నుంచీ నీటి మీదకి ఎక్కనేకపోతన్నాను. గంగమ్మ బిడ్డలమని సెప్పుకునే పాలెంలో, నీళ్లకి బయపడతన్నానని ఎవులికి సెప్పను? ఆడి తల్లికి సెప్పనా, మా యమ్మకి సెప్పనా?"

"నాకు సెప్పనేకపోనావా."

దుర్గ పెరటి గోడకు ఆనుకుంది. ఎన్నో అడగాలనుకుని వచ్చింది, అన్నీ ఒక్క మాటలోకి కుదించుకుపోయాయి.

"రేపు వస్తావా?"

"అందరూ ఉంటారు."

"అందరూ ఉంటారనే రమ్మంతన్నాను. నీ మేనకోడలు. పీట మీద ఎవులు కూకోబెడతారు?"

"నా ఫోటో ఉంటాది గదే," అన్నాడు నాగబాబు. "బాగా వచ్చినాదన్నావు. సాలదేటి?"

ఆ తరవాత అతనే పెట్టేశాడు. దుర్గ చేతిలో ఫోను వెలుగు ఆరిపోయేదాకా చూస్తూ నిలబడింది. సాలదు అని చెప్పడానికి కూడా అతను వ్యవధి ఇవ్వలేదు.

లోపలికి వచ్చేసరికి లక్ష్మణమ్మ లాప్‌టాప్ ముందు నిలబడి ఉంది. చేతులు ఎండుచేపల వాసన కొడుతున్నాయని వెనక్కి కట్టుకుని, నడుం వంచి కొడుకును చూస్తోంది. తెర మీద నాగబాబు సముద్రం ముందు నిలబడి ఉన్నాడు.

"మబ్బుల్నేవు," అంది తనలో తను అనుకున్నట్టు.

"నేవత్తా. నిన్న తప్పయిపోనాది."

లక్ష్మణమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుని, తెరను తాకీ తాకనట్టు కొడుకు చెంప దగ్గర పెట్టింది. చిక్కిపోయాడంది. పద్మకుమారి చూస్తే సంతోషిస్తుందంది. నిన్నటి నుంచి ఆమె ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే. కోడలి వైపు చూసి, కుర్చీ తెచ్చుకో, నిలబడ్డావేం అని కూడా అంది. ఆ ఆప్యాయతకు దుర్గకు కళ్లు చెమర్చాయి. రేపు ఈ ఫ్లెక్సీ రాట మీదకెక్కుతుంది. అత్త పందిట్లో కూర్చుంటుంది. లక్ష్ముడి తల్లి కూడా వచ్చి, బతికున్న నాగబాబును చూసి వెళుతుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

లక్ష్మణమ్మ ఇంకా వంగి చూస్తూనే ఉంది.

"దుర్గా."

"ఏటత్తా."

"నలబయ్యేళ్లు సముద్రం మీంచి వచ్చినోల్ల మొకాలు సూసినాను. నా మొగుడ్ని సూసినాను, నా అన్నదమ్ముల్ని సూసినాను. పెదాలు పగిలిపోతాయి. కళ్లు ఎర్రగుంటాయి. కనుబొమల మీద ఉప్పు పేరుకుంటాది, ఎంత కడిగినా పోదు." ఆమె వేలు కొడుకు కనుబొమ మీద ఆగింది. "ఈడి మొకం మీద దుమ్ము ఉన్నాది."

దుర్గ వెలుగు సరిచేసింది, నీడ సరిచేసింది, రంగు సరిచేసింది. దుమ్ము సంగతి ఆమెకు తట్టలేదు.

లక్ష్మణమ్మ నడుం నిలబెట్టుకుని, మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిన్న పీటెక్కినప్పటి భయమే ఉంది, ఇంకా ఎక్కువగా ఉంది.

"ఈ సముద్రం మనూరిది. నువ్వెట్టినావు," అంది. "నువ్వెట్టకముందు నా కొడుకు ఎనకాతల ఏటున్నాదో సూపించు."

చెరిపేసి ఉంటే చూపించడానికి ఏమీ ఉండేది కాదు. జయకృష్ణ చెప్పినట్టు దుర్గ ఏమీ చెరపలేదు, మీద కప్పిందంతే. సముద్రాన్ని పక్కకు తియ్యడానికి ఒక్క నొక్కు చాలు.

ఆమె చెయ్యి మౌస్ మీదే ఉంది. అత్త ఆ చేతికేసి చూస్తోంది.